1998 చేతక్ పొగ తెగ కొడుతోంది, ఇంజన్ పని చేయించాలా, ఫోర్ స్ట్రోక్ తీసుకోవాలా?

రాజోలు_కుర్రోడు
మా నాన్నగారి బండి. 1998 బజాజ్ చేతక్ స్కూటర్, టూ స్ట్రోక్. కొబ్బరితోటకీ, సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం మార్కెట్‌కీ ఇప్పటికీ ఇదే తిరుగుతోంది. ఈ మధ్య పొగ మరీ ఎక్కువైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లగా కమ్మేస్తోంది, పక్కింటి మామ్మగారు తలుపులేసేసుకుంటున్నారు. మెకానిక్‌ని అడిగితే "రీబోరు పడుద్దండి, అరిగిన సిలిండర్ లోపల మళ్లీ కోయించి పిస్టన్ మార్చాలి, అయినా టూ స్ట్రోక్‌కి ఇంకా డబ్బులు పొయ్యడమెందుకు, అమ్మేసి ఫోర్ స్ట్రోక్ తీసుకోండి" అన్నాడు. మా బావేమో ఫోర్ స్ట్రోక్ స్కూటర్లు లంక రోడ్ల మీద నిలబడవంటాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు, నాకే తేలట్లేదు. రెండూ నడిపినవాళ్లు చెప్పండి. ఏది మంచిదో ఒక్కటే కాదు, ఎందుకో కూడా చెప్పండి.

పాలకొల్లు_బాబాయ్
అమ్మొద్దు. ఆ ఇంజన్‌లో పాడవడానికి ఏముందబ్బాయ్? వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్ట్ లేదు, టైమింగ్ చైన్ లేదు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంకు, అంతే. నాలుగు నట్లు విప్పితే హెడ్డు చేతికొచ్చేస్తది. నా ఎల్ఎంఎల్ వెస్పా స్కూటర్ హాఫ్ ఇంజన్ పని, అంటే హెడ్డు, సిలిండర్, పిస్టన్ వరకు, ఇంటి అరుగు మీదే చేసుకునేవాణ్ణి. ఇప్పటి బళ్లకి కంప్యూటర్ తగిలిస్తే గానీ రోగం తెలీదు.

అనూ_తణుకు
బాబాయ్ గారూ, విప్పి బిగించడం వచ్చినవాళ్లకి అది బాగానే ఉంటుంది. నేను టీచర్ని, బడికి టైముకి వెళ్లాలి. మా ఇంట్లోనూ పాత చేతక్ ఉండేది. వానాకాలం పొద్దున్నే దాన్ని ఒరిగించి, కిక్ కొట్టి, ప్లగ్గు తీసి తుడిచి, మళ్లీ కొట్టి… చీర అంచుకి నూనె మరక లేకుండా బడికెళ్లిన రోజు తక్కువ. ఇప్పుడు యాక్టివా. బటన్ నొక్కుతాను, వెళ్తాను. ఆడవాళ్లు బళ్ల మీద ఉద్యోగాలకి వెళ్లడం మా ఊళ్లో ఇంతగా పెరిగిందంటే అందులో ఈ బళ్ల వాటా చాలా ఉంది. దీన్ని చిన్న విషయంగా తీసెయ్యకండి.

చెరువుగట్టు
అనూ గారి మాటకి నా ఓటు.

గేర్‌కేబుల్_భీమవరం
ఇక్కడ రెండు వేరే వేరే సంగతులు కలిసిపోతున్నాయి. అనూ గారూ, మీకు సుఖాన్నిచ్చింది ఫోర్ స్ట్రోక్ కాదు. సెల్ఫ్ స్టార్టర్, గేర్లు లేకపోవడం. ఆ రెండూ 1984లోనే కైనెటిక్ హోండా ఇచ్చింది, అది టూ స్ట్రోకే. టూ స్ట్రోక్ బళ్లకి పోసే టూటీ ఆయిల్‌కి దానిలో ట్యాంకు విడిగా ఉండేది, పెట్రోల్లో కలిపే పని కూడా లేదు.

అలాగే బాబాయ్ గారు చేతక్‌లో మెచ్చుకునే రేకు బాడీ, స్టెప్నీ, నాలుగు గేర్లు, ఇవి కూడా టూ స్ట్రోక్ వల్ల వచ్చినవి కావు. చేతక్‌కే తర్వాత ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టి అమ్మారు. అప్పుడూ రేకే, అప్పుడూ గేర్లే.

రాజోలు తమ్ముడు ముందు దేన్ని దేంతో పోలుస్తున్నాడో తేల్చుకోవాలి. ఇంజన్‌నా, గేర్లనా, బాడీనా?

పాలకొల్లు_బాబాయ్
కైనెటిక్ హోండా మా తోడల్లుడికి ఉండేది. మంచి బండి. ఆ మాట నిజమే.

పంటుదారి
రేవులో నిలబడి చూస్తే తేడా కళ్లకి కనబడుద్దండి. ఒకప్పుడు పంటు, అదే బళ్లు దాటించే పడవ, అవతలి ఒడ్డుకి ఆనగానే స్కూటర్లూ లూనాలూ అన్నీ ఒక్కసారి స్టార్ట్ చేసేవారు. ఆ నీలం పొగలో ముందున్న మనిషి కనబడేవాడు కాదు. పిల్లలు దగ్గుతూ దిగేవారు. ఇప్పుడు అదే పంటు మీద అంతకి రెట్టింపు బళ్లెక్కుతున్నాయి, అంత పొగ లేదు.

లెక్చరర్_అమలాపురం
ఆ పొగ ఎందుకో చెబుతాను, రాజోలు అబ్బాయి "ఎందుకో" అనే కదా అడిగాడు.

టూ స్ట్రోక్‌లో క్రాంకు ఒకసారి తిరిగితే సిలిండర్లో ఒకసారి మంట. ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు తిరిగితే ఒకసారి. ఆ లెక్కన అదే సైజు ఇంజన్‌కి రెట్టింపు బలం రావాలి. రాదు. టూ స్ట్రోక్‌లో వాల్వుల బదులు సిలిండర్ గోడకి పోర్టులుంటాయి, పిస్టన్ కిందికి దిగినప్పుడు అవి తెరుచుకుంటాయి. కాలిన పొగ పోయే పోర్టూ, కొత్త పెట్రోలు-గాలి వచ్చే పోర్టూ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్తది పాతదాన్ని తోసుకుంటూ వచ్చి, తనూ కొంత కాలకుండానే సైలెన్సర్లోకి జారిపోతుంది. మైలేజీ తగ్గేదీ, పొగలో హైడ్రోకార్బన్లు ఎక్కువుండేదీ ఇందుకే. దీనికితోడు పెట్రోల్లో కలిపిన ఆయిల్ కూడా కాలి బయటికొస్తుంది, నీలం రంగు దానిది.

ఒక్కటి మాత్రం టూ స్ట్రోక్ వైపు చెప్పాలి. నైట్రోజన్ ఆక్సైడ్లు దీన్నుంచి తక్కువే వస్తాయి.

పాలకొల్లు_బాబాయ్
రెట్టింపు రాకపోయినా ఎక్కువ వస్తది గదా. టూ స్ట్రోక్ లాగుడే వేరు.

లెక్చరర్_అమలాపురం
బండిని బట్టి. యమహా ఆర్ఎక్స్ 100 తీసుకోండి, 98 సీసీ, 11 హార్స్‌పవర్. అదే రోజుల్లో హీరో హోండా సీడీ 100, 97 సీసీ ఫోర్ స్ట్రోక్, ఏడున్నర లోపే. అక్కడ మీ మాట నిజం. కానీ చేతక్ 145 సీసీ టూ స్ట్రోక్ అయ్యుండి ఇచ్చేది ఏడున్నర హార్స్‌పవరే. ఇప్పటి 110 సీసీ యాక్టివా కూడా ఎనిమిదికి దగ్గర్లో ఇస్తుంది. చేతక్‌ని పరుగు కోసం తయారు చెయ్యలేదు. నిదానంగా తిరిగే స్పీడులోనే బరువు లాగేలా చేశారు. అందుకే రెండు కొబ్బరికాయల బస్తాలేసినా రెండో గేర్లో గునగునా పోతుంది. మీకు నచ్చే లాగుడు అదీ.

పాలకొల్లు_బాబాయ్
అదేనండి నేను చెప్పేది. మీరు అంకెలతో చెప్పారు.

చెరువుగట్టు
బరువుల మాట వచ్చింది కాబట్టి. మాది ఆకివీడు వైపు, రొయ్యల చెరువులు. మేత బస్తాలు గట్టు మీదికి ఎక్కించాలంటే స్కూటర్ కాదు, టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్. పాత ఎక్స్ఎల్ సూపర్ 70 సీసీ టూ స్ట్రోక్, 2015లో వచ్చిన ఎక్స్ఎల్ 100 ఫోర్ స్ట్రోక్, రెండూ వాడాను. కొత్తది వచ్చినప్పుడు గట్ల మీద ఎవరూ నమ్మలేదు, "ఫోర్ స్ట్రోక్ ఏం లాగుద్ది" అన్నారు. లాగుతోంది. సీసీ పెంచారు కాబట్టి ఇంజన్ రకం మారిన లోటు తెలియట్లేదు. పెట్రోలు ఖర్చులో తేడా మాత్రం బాగా తెలిసింది.

పాతది ఒక్క విషయంలో నయం. గట్టు మీద జారి పక్కకి పడినా, లేపి కిక్ కొడితే లేచేది. ఫోర్ స్ట్రోక్ పడితే వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు, ఆయిల్ అడుక్కి దిగే దాకా కాసేపు ఆగాలి. పనివాళ్లకి ఆ ఓపిక నేర్పడమే కష్టం.

లంక_శ్రీను
మా బావ కూడా "ఫోర్ స్ట్రోక్ ఆగదు" అనే రకమే. అందరి బావలూ ఒకటేనేమో.

షెడ్డులోవాణ్ణి
ముప్పై ఏళ్ల పైగా పానా పట్టుకున్న చెయ్యి నాది. రాజోలు తమ్ముడూ, ఎవరి మాటా వినే ముందు ఒక పని చెయ్. గేర్ బాక్స్ ఆయిల్ ఎంతుందో చూడు. లెవెల్ దాకా పోసి, నాలుగు రోజులు తిప్పి, మళ్లీ చూడు.

చేతక్, ఎల్ఎంఎల్ లాంటి బళ్లలో క్రాంకుకి రెండు పక్కలా ఆయిల్ సీళ్లుంటాయి. క్లచ్ వైపు సీలు పోతే క్రాంకు గది గేర్ బాక్స్ ఆయిల్‌ని పీల్చుకుని తగలేస్తది. అప్పుడొచ్చే పొగ మామూలు టూటీ పొగలా ఉండదు, తెల్లగా, చిక్కగా, ఆగకుండా వస్తది. నువ్వు రాసింది చదివితే నాకదే అనుమానం. రీబోరుకొచ్చిన బండైతే లాగుడు పోవాలి, పిస్టన్ చప్పుడు రావాలి. నీ బండి లాగుతోందా లేదా, అది రాయలేదు.

మాగ్నెట్ వైపు సీలు పోతే కథ వేరు. పొగ రాదు, బయటి గాలి లోపలికి లాగుద్ది. పెట్రోలు పల్చనై, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రేజింగ్‌లోనే ఉండిపోద్ది. పట్టించుకోకపోతే పిస్టన్ పట్టేస్తది.

రాజోలు_కుర్రోడు
లాగుడు బాగానే ఉందండి, చప్పుడు కూడా లేదు! ఈ సీలు సంగతి మా మెకానిక్ చెప్పనేలేదు. రేపే చూస్తాను.

గేర్‌కేబుల్_భీమవరం
షెడ్డు గారు చెప్పింది దాచుకోవాల్సిన మాట. టూ స్ట్రోక్ తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోతున్నారు, అసలు కష్టం అదే. పొగ రాగానే రీబోరు అనేస్తున్నారు.

కడియం_మొక్కలు
పెట్రోల్లో ఆయిల్ ఎంత కలుపుతున్నారో కూడా అడగండి. మా నర్సరీలో పనబ్బాయి "ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిది" అని చేతికొచ్చినంత పోసేవాడు. ప్లగ్గు వారం వారం మసి పట్టేది, సైలెన్సర్ పూడుకుపోయి బండి ఎత్తు ఎక్కేది కాదు.

షెడ్డులోవాణ్ణి
లీటరుకి 20 మిల్లీలీటర్లు. కొత్తగా బోరు చేయించాక కొన్నాళ్లు కొంచెం పెంచుకోవచ్చు, తర్వాత మళ్లీ 20కే రావాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ మాత్రం పొయ్యకండి. టూటీ ఆయిల్ కాలిపోవడానికి తయారైంది, అది కాదు. బూడిద, మసి మిగిల్చిపోద్ది.

అనూ_తణుకు
ఫోర్ స్ట్రోక్ వాళ్లకీ ఒక మాట చెప్పండి షెడ్డు గారూ. "దీనికేం చెయ్యక్కర్లేదు" అనుకుని మా స్టాఫ్‌లో ఒకావిడ ఏడాది దాటినా ఆయిల్ మార్పించలేదు.

షెడ్డులోవాణ్ణి
మా షెడ్డుకొచ్చే ఫోర్ స్ట్రోకుల్లో పెద్ద రోగం అదేనమ్మా. ఆ ఇంజన్లో పట్టేది ముప్పావు లీటరు లోపు ఆయిల్. అందులో పావు లీటరు తగ్గినా పైన వాల్వులు తెరిచే క్యామ్‌కి అందదు. టూ స్ట్రోక్‌కి పెట్రోలు పోయించిన ప్రతిసారీ కొత్త ఆయిల్ అందుద్ది, మర్చిపోయే వీల్లేదు. ఫోర్ స్ట్రోక్‌కి మనమే గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకి మార్పించండి, మధ్యలో డిప్‌స్టిక్ తీసి చూడండి. వాల్వుల్ని నొక్కే టాపెట్లు కూడా చూపించుకోవాలి, చాలామంది అడగనే అడగరు.

ముక్తేశ్వరం_రేవు
అందరూ నీళ్ల మాట మర్చిపోయారు. మనది డెల్టా. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో బళ్లు హ్యాండిల్ దాకా మునిగాయి. మా వీధిలో నీళ్లు తీశాక ఒకాయన ఫోర్ స్ట్రోక్ స్కూటర్ని ఆత్రంగా సెల్ఫ్ కొట్టాడు. సిలిండర్లో నీళ్లున్నాయి. నీళ్లు గాలిలా నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఇంజన్ ఆయిలేమో పాల టీ రంగులోకి మారిపోయింది, బెల్టు బాక్సు నిండా ఒండ్రు. ఖర్చు వింటే కళ్లనీళ్లొచ్చాయి. పక్కింటి పాత ఎల్ఎంఎల్ మాత్రం ప్లగ్గు తీసి, కార్బొరేటర్ వంపి, కిక్ కొట్టి నీళ్లు బయటికి చిమ్మిస్తే ఆ సాయంత్రానికే తిరిగింది.

పాలకొల్లు_బాబాయ్
చూశారా!

షెడ్డులోవాణ్ణి
ఆ ఎల్ఎంఎల్‌ని ఆ సాయంత్రమే తిప్పారు కాబట్టి బతికింది. నీళ్లు దిగిన టూ స్ట్రోక్‌ని వారం రోజులు అలా వదిలేస్తే క్రాంకు బేరింగులు తుప్పు పట్టి గరగరమంటాయి, అప్పుడు ఫుల్ ఇంజనే విప్పాలి. మునిగింది ఏ బండైనా సెల్ఫ్, కిక్ జోలికి పోకుండా ముందు ప్లగ్గు తియ్యండి. ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిల్ వంపేసి కొత్తది పోసి, కాసేపు నడిపి, అదీ వంపేసి మళ్లీ పొయ్యాలి. గాలి ఫిల్టరు, బెల్టు బాక్సు విప్పి ఆరబెట్టాలి.

పంటుదారి
మునగకపోయినా మోకాళ్ల లోతు నీళ్లలో గేర్‌లెస్ బండి బెల్టు తడిసి జారుద్ది. ఇంజన్ మోగుతుంటది, బండి కదలదు. చేతక్‌కి గొలుసూ లేదు, బెల్టూ లేదు, ఇంజన్ నుంచి నేరుగా చక్రానికే.

గేర్‌కేబుల్_భీమవరం
మళ్లీ చెబుతున్నా, అది బెల్టు తప్పు, ఫోర్ స్ట్రోక్ తప్పు కాదు 🙂

మండపేట_మధు
ఇంకో సంగతి. టూ స్ట్రోక్‌కి ఇంజన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని నిదానం చెయ్యడం, చాలా తక్కువ. ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్ మూసి దిగితే, పెట్రోలుతో పాటు వచ్చే ఆయిల్ కూడా తగ్గిపోయి పిస్టన్ పట్టేసే ప్రమాదం.

లంక_శ్రీను
మనకి ఘాట్ రోడ్డెక్కడుంది మధు గారూ? ఇక్కడ ఎత్తంటే వంతెన అప్రోచే, పల్లమంటే దాని అవతలి వైపే.

మండపేట_మధు
మా అత్తగారిది రంపచోడవరం అవతల, మారేడుమిల్లి ఘాట్ మీదుగా వెళ్లాలి. అందుకే నాకు తెలుసు.

కాకినాడ_సత్తి
ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, నూటికి 20 వంతులు ఇథనాల్. 1998 బండికి ఇది ఆలోచించాల్సిన విషయం. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి కొదవ లేదు. బండి వారాల తరబడి కదలకపోతే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. పాత రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతాయి, కార్బొరేటర్ నీడిల్ పట్టేస్తుంది.

పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే పాత జెట్టుతో అయితే మిశ్రమం పల్చనవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పల్చని మిశ్రమం ఫోర్ స్ట్రోక్‌కి కూడా మంచిది కాదు, టూ స్ట్రోక్‌కి అయితే పిస్టన్ పట్టేసే దాకా పోవచ్చు. ప్లగ్గు తీసి రంగు చూడండి. కాఫీ గింజ రంగులో ఉంటే పర్వాలేదు, తెల్లగా ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచమనండి. కొత్త బళ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది కాబట్టి చాలావరకు అదే సర్దుకుంటుంది.

షెడ్డులోవాణ్ణి
సత్తి గారు చెప్పినట్టే చేస్తున్నాం మేమూ. పైపు మాత్రం ఈ20కి పనికొచ్చేదని అడిగి తీసుకోండి.

లెక్చరర్_అమలాపురం
పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతీ చూసుకోవాలి. 2000 మార్చికి ముందు తయారైన బళ్లకి హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) దాకా ఒప్పుకుంటారు. ఆ తర్వాతి కొన్నేళ్ల టూ స్ట్రోక్‌కి 6000, ఫోర్ స్ట్రోక్‌కి 4500. అంటే మీ బండికి చాలా సడలింపు ఉంది. అది కూడా దాటిందంటే ఇంజన్‌లో ఏదో తేడా ఉన్నట్టే. బీఎస్ (భారత్ స్టేజ్) పొగ నిబంధనలు 2005, 2010, 2017, 2020ల్లో మెట్టుమెట్టుగా బిగిస్తూ వచ్చారు. టూ స్ట్రోక్‌ని ఎవరూ పేరు పెట్టి నిషేధించలేదు, ఆ కొలతలకి అది అందలేకపోయింది, అంతే.

ముక్తేశ్వరం_రేవు
లారీలు కక్కే పొగ ముందు ఒక చేతక్ పొగ ఎంతండీ?

అనూ_తణుకు
లారీ హైవే మీద వెళ్తుంది. చేతక్ ఇంటి గుమ్మం ముందు స్టార్ట్ అవుతుంది. మా అమ్మకి ఆయాసం ఉంది. వీధిలో ఒక్క పాత బండి స్టార్ట్ అయితే ఆ పూటంతా ఆవిడ మంచం దిగదు. రాజోలు తమ్ముడు పక్కింటి మామ్మగారి మాట రాశాడు చూడండి, నాకు అన్నిటికన్నా ముందు కనబడింది అదే.

ముక్తేశ్వరం_రేవు
అదీ నిజమేనమ్మా. అలా ఆలోచించలేదు.

రావులపాలెం_అరటి
కరెంటు బండి మాటెవరూ ఎత్తరేం? చేతక్ పేరుతోనే 2020లో కరెంటు స్కూటర్ వచ్చింది కదా.

చెరువుగట్టు
చెరువుల దగ్గర కరెంటు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకే చాలదు. బండికెక్కడ పెడతాం?

రావులపాలెం_అరటి
ఇంటి దగ్గర రాత్రి పెట్టుకోవచ్చు. ఊళ్లో తిరగడానికైతే హాయి. గెలలు మోయడానికి నేనూ ఎక్స్ఎలే వాడతాను.

రాజోలు_కుర్రోడు
షెడ్డు గారూ, మీ చెయ్యి ఇక్కడి నుంచే పట్టుకుని దణ్ణం పెట్టాలి. గేర్ బాక్స్ ఆయిల్ సగానికి పైగా లేదు! లెవెల్ దాకా పోసి తిప్పితే మళ్లీ తగ్గింది. బోరు కూడా చూపించాను, వేరే మెకానిక్ హెడ్డు విప్పి చూసి గీతలేమీ లేవు, రింగులు మారిస్తే చాలన్నాడు. సీళ్లు మార్పిస్తున్నాను.

అనూ గారి మాటలు, లెక్చరర్ గారి మాటలు మా ఇంట్లో చదివి వినిపించాను. చేతక్ ఇకమీద తోటకీ రేవుకీ మాత్రమే. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ, చెల్లి కాలేజీకీ ఫోర్ స్ట్రోక్ గేర్‌లెస్ ఒకటి తీసుకుంటున్నాం. స్టార్ట్ చేసే ముందు చేతక్‌ని వీధి చివరిదాకా తోసుకెళ్తానని నాన్నగారే అన్నారు.

పాలకొల్లు_బాబాయ్
పెద్దమనిషి. నా నమస్కారాలు చెప్పు ఆయనకి. సీళ్లు పోతే ఇంజన్ ఎలాగూ విప్పుతారు, క్లచ్ ప్లేట్లు కూడా చూపించెయ్.

అనూ_తణుకు
తోసుకెళ్లడం పెద్దాయనకి కష్టం కదా, నువ్వే తొయ్యి తమ్ముడూ.

మండపేట_మధు
సీలు ఎక్కడ దొరుకుద్ది ఇప్పుడు? మా మావయ్య ప్రియా స్కూటర్‌కి కూడా ఇదే తెల్ల పొగ.

షెడ్డులోవాణ్ణి
రాజమండ్రిలో, భీమవరంలో పాత ఆటో స్పేర్స్ షాపుల్లో అడగండి. మోడల్ పేరు చెప్పి తెచ్చుకోవద్దు, పాత సీలు పట్టుకెళ్లి కొలిపించుకోండి, మోడల్‌కీ మోడల్‌కీ తేడాలున్నాయి. కొత్తది కొన్నాక అంచుని వేలితో వంచి చూడండి. ఏళ్ల తరబడి షాపులో ఉండిపోయినదైతే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తది. బిగించే ముందు అంచుకి కాస్త ఆయిల్ రాయమనండి, పొడిగా ఎక్కిస్తే మొదటి కిక్‌కే చిరుగుద్ది. రెండు వైపులా ఒకేసారి మార్చండి, ఒకదాని కోసం ఇంజన్ విప్పి రెండోది వదిలెయ్యొద్దు.